ఇంగ్లీషు రాత నేర్చుకున్న పద్నాలుగు నెలలు: ఎక్కడ ఆగింది, మళ్లీ ఎలా కదిలింది

2024 జనవరి 8, సోమవారం. ఇంగ్లీషులో సొంతంగా రాద్దామని కూర్చున్న మొదటి రోజు. అనుకున్నది 300 మాటలు, వచ్చినవి 143. పట్టిన సమయం గంటా యాభై నిమిషాలు. డిక్షనరీ తీసింది 37 సార్లు. లేచేసరికి మెడ పట్టేసింది, తల దిమ్ముగా ఉంది, అయినా లోపల గొప్ప సంతోషం. ఆ సంతోషం పదకొండు రోజులు నిలిచింది. జనవరి 19న నోట్‌బుక్ తెరవలేదు. ఆ రోజుతో కలిపి వరుసగా పదిహేడు రోజులు తెరవలేదు.

ఈ పద్నాలుగు నెలల్లో రాత నాలుగుసార్లు ఇలా ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ నాకు పట్టుదల లేదేమోననే బాధపడ్డాను. తేదీలూ లెక్కలూ రాసి పెట్టుకున్నందువల్ల, తర్వాత తిరగేసి చూస్తే సంగతి వేరుగా కనిపించింది. నాలుగుసార్లూ లోపం పని పెట్టుకున్న తీరులోనే ఉంది. అది సరిచేసిన వారం పది రోజుల్లో రాయాలన్న కోరిక దానంతటదే తిరిగొచ్చింది. అందుకే ఆగిన చోట్ల గురించే ఇక్కడ ఎక్కువ చెబుతున్నాను.

మొదటిసారి ఎందుకు ఆగిందో చూడండి. 300 మాటలంటే నా వేగానికి దాదాపు నాలుగు గంటల పని. అంత ఖాళీ దొరకని రోజున ఒక్క వాక్యం కూడా రాసేవాణ్ణి కాదు. మొత్తం పూర్తి చేయలేనప్పుడు కూర్చోవడం దేనికి అనిపించేది. పైగా ఎంచుకున్న అంశాలు నిరుద్యోగం, పర్యావరణం, విద్యావిధానం. వీటి మీద తెలుగులో రాయమన్నా తడుముకుంటాం. ఆలోచన వెతుక్కోవడం ఒక పని, భాష వెతుక్కోవడం ఇంకో పని. రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే ఏదీ సాగదు. ఇక డిక్షనరీ. ఒక్కో మాటకి రెండు నిమిషాలు పోతాయి, తిరిగొచ్చేసరికి వాక్యం ఎక్కడ మొదలైందో మరిచిపోతాం. 37 సార్లు వెతకడమంటే 37 సార్లు వాక్యం తెగిపోవడమే.

ఫిబ్రవరి 5న మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొలత మార్చాను. రోజుకు ఐదు వాక్యాలు, పది నిమిషాలు. టైమర్ మోగితే వాక్యం మధ్యలో ఉన్నా పెన్ను పెట్టేయడమే. సగంలో ఆపిన వాక్యానికి ఒక మంచి గుణం ఉంది, మర్నాడు అదే పిలుస్తుంది. తెల్ల కాగితం వైపు చూస్తూ ఎక్కడ మొదలెట్టాలా అని కూర్చోవాల్సిన పని ఉండదు. ఇంగ్లీషు మాట తట్టకపోతే అక్కడ తెలుగు మాటే రాసి, కింద గీత గీసి ముందుకెళ్లిపోయేవాణ్ణి. టైమర్ మోగాక ఆ గీతల్లోంచి ఐదు మాటలు మాత్రమే వెతకాలి, ఆరోది వదిలేయాలి. మొదటి వారంలో ఒక్కో పేజీలో పది పన్నెండు తెలుగు మాటలు ఉండేవి. నెల తిరిగేసరికి మూడు నాలుగుకు దిగాయి. కొత్త మాటలు ఎక్కువ వచ్చేశాయని కాదు, తెలిసిన మాటలతోనే చుట్టూ తిప్పి చెప్పడం అలవాటైంది. 'కొలిమి'కి మాట రాకపోతే 'ఇనుమును ఎర్రగా కాల్చే చోటు' అని రాయొచ్చు కదా. రాతలో ఇంత పనికొచ్చే నేర్పు నాకు ఇంకోటి కనిపించలేదు.

అంశాల కోసం ఒకరోజు కూర్చుని 30 చీటీలు రాసి డబ్బాలో వేశాను. అన్నీ కళ్లముందు ఉండేవే. గొడుగు మడిచే పద్ధతి, నిన్న వచ్చిన ఫోన్ కాల్, గొంతునొప్పి ఎలా మొదలైంది, ఇప్పుడు కిటికీలోంచి కనిపించేవి. వీటిలో ఇంకో లాభం కూడా ఉందని తర్వాత గమనించాను. పద్ధతి చెప్పే చీటీ వస్తే ప్రెజెంట్ టెన్స్ వాడక తప్పదు, నిన్నటి సంగతైతే పాస్ట్ టెన్స్, కిటికీ అయితే ప్రెజెంట్ కంటిన్యువస్. టెన్సుల పాఠం వేరుగా పెట్టుకోకుండానే మూడూ వంతులవారీగా సాధనలోకి వచ్చేశాయి.

వేళ విషయంలో మూడు వారాలు వృథా అయ్యాయి. రాత్రి పడుకునే ముందు అని పెట్టుకుంటే కళ్లు మూతలు పడేవి, చేతిరాత కూడా అర్థమయ్యేది కాదు. ఫిబ్రవరి 26 నుంచి పొద్దున ముఖం కడుక్కున్న వెంటనే కూర్చోవడం మొదలైంది. గడియారం వేళ చూసుకోవడం మానేసి, రోజూ తప్పకుండా జరిగే ఒక పని వెనకాల దీన్ని కట్టేశాను. ఆరు గంటలకి అనుకుంటే ఏడింటికి లేచిన రోజు పని తప్పిపోతుంది. ముఖం కడుక్కోవడం మాత్రం ఏ రోజూ తప్పదు.

అలవాటు పడటానికి 21 రోజులు చాలని విని, ఆ తర్వాత కూడా బలవంతంగానే కూర్చోవాల్సి వస్తుంటే దిగులు పడ్డాను. నిజానికి దీని మీద లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనం ఒకటి ఉంది, 2009లో వెలువడింది. 96 మంది పాల్గొన్నారు. చిన్న చిన్న రోజువారీ పనులు అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి ఆ లెక్క 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పోయింది. మధ్యలో ఒక్కరోజు తప్పితే అలవాటుకు చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదని కూడా తేలింది. ఆ చివరి మాట నాకు కొండంత ధైర్యం. నా విషయంలో బలవంతం లేకుండా కూర్చోగలగడం మే నెలాఖరుకు వచ్చింది, అంటే 110 రోజులు దాటాక. మీకు 40వ రోజున ఇంకా బద్ధకంగా ఉంటే దాన్ని లోపంగా లెక్క వేసుకోకండి.

తప్పిన రోజుకి బదులుగా మర్నాడు రెట్టింపు రాయాలన్న నియమం మాత్రం పెట్టుకోవద్దు. రెండు రోజులు తప్పితే మూడో రోజు మోపు మూడింతలవుతుంది, నాలుగో రోజు ఇక ఎవరూ కూర్చోరు. తప్పింది తప్పిపోయినట్టే. జ్వరం వచ్చిన రోజుకి ఒకే ఒక్క వాక్యం, అదీ తేదీతో.

రెండోసారి ఆగింది మార్చి 20న. అది దిద్దుబాటు వల్ల. ఇంగ్లీషు బాగా తెలిసిన ఒకరికి పేజీలు ఇచ్చాను. మొదటిసారి మూడు రోజుల్లో వెనక్కి వచ్చాయి. రెండోసారి తొమ్మిది రోజులు పట్టింది. మార్చి 19న చేతికొచ్చిన 210 మాటల పేజీలో 52 చోట్ల ఎర్ర సిరా. దిద్దినవారిది మంచి మనసే, ఒక్క తప్పూ వదలకుండా ఓపిగ్గా చూశారు. కానీ ఆ పేజీ చూడగానే ఛాతీలో ఏదో జారినట్టయింది. తొమ్మిది రోజుల కిందట ఏం ఆలోచించి ఆ వాక్యం రాశానో గుర్తే లేదు, కాబట్టి దిద్దింది చదివినా తలకెక్కలేదు. పది రోజులు పెన్ను ముట్టలేదు.

ఇది నా ఒక్కడి బలహీనత అనుకున్నాను గానీ, భాష నేర్పేవాళ్ల మధ్య దీని మీద పెద్ద వాదమే నడిచింది. రాతలో గ్రామర్ తప్పులు దిద్దడం వల్ల ప్రయోజనం లేదని, హాని కూడా ఉందని 1996లో జాన్ ట్రస్కాట్ వాదించారు. ఏరుకుని, స్పష్టంగా దిద్దితే మేలు ఉంటుందని 1999లో డానా ఫెర్రిస్ ఆయనకు జవాబిచ్చారు. నా అనుభవం ఫెర్రిస్ మాటవైపే మొగ్గుతుంది.

మార్చి 30 నుంచి దిద్దేవారిని అడిగింది ఇది: ఒక పేజీకి ఒకే రకం తప్పు చూడండి, ఈసారి ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) మాత్రమే. సరైన మాట రాయకండి, తప్పున్న వరుస పక్కన మార్జిన్‌లో చుక్క పెట్టండి చాలు. చుక్క పెట్టడానికి వారికి ఐదు నిమిషాలు సరిపోతుంది కాబట్టి పేజీ ఆ రోజే, మహా అయితే మర్నాడే తిరిగొస్తుంది. తప్పు ఎక్కడుందో నేను వెతుక్కోవాలి. వెతికి పట్టుకున్న తప్పు గుర్తుండిపోతుంది. చుక్కల్లో పదింటికి ఏడు నాకే దొరికాయి. అప్పటిదాకా నాకు ఏమీ రాదనుకున్నవాణ్ణి, తెలిసీ గమనించడం లేదని ఆ రోజు అర్థమై ఎంతో తేలికపడ్డాను.

ఏప్రిల్ 1న తప్పుల పుస్తకం మొదలైంది. చిన్న నోట్‌బుక్, పేజీకి నాలుగు గడులు: నేను రాసిన వాక్యం, సరైన వాక్యం, ఎందుకు తప్పు, తేదీ. మూడో గడి ఖాళీగా వదిలితే ఈ పుస్తకం వల్ల ఉపయోగం ఉండదు. కారణం తెలుగులో రాసుకున్నా ఫరవాలేదు, తెలుగులోనే తొందరగా బుర్రకెక్కుతుంది. ఏప్రిల్ 28కి 212 వరుసలు వచ్చాయి. ఒక ఆదివారం కూర్చుని వాటిని రకాలుగా విడదీశాను. ఆర్టికల్స్ 71, ప్రిపోజిషన్లు (ఇన్, ఆన్, టు లాంటివి) 44, టెన్సులు 33, స్పెల్లింగ్ 25, ఏకవచన బహువచనాలు 21, వాక్యంలో మాటల వరుస 18. అన్ని తప్పులకీ వేళ్లు ఆరే. మొదటి రెండూ కలిపితేనే సగం దాటుతున్నాయి. ఇంతవరకూ పొగమంచులా కనిపించిన కష్టం ఆ కాగితం మీద లెక్కకు చిక్కింది. ఈ పద్నాలుగు నెలల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా నిలబెట్టింది ఆ కాగితమే.

కారణాల గడి నిండుతున్నకొద్దీ ఇంకో సంగతి బయటపడింది. తప్పుల్లో చాలా వరకు తెలుగు వాక్యం లోపలి నుంచి తన్నుకొచ్చినవే. ఇవి వివరంగా చెబుతాను, ఎందుకంటే తెలుగు మాట్లాడేవాళ్లెవరికైనా ఇవే ఎదురవుతాయి.

తెలుగులో ఆర్టికల్ లేదు. 'పుస్తకం తెచ్చాను' అంటే ఏ పుస్తకమో సందర్భమే చెబుతుంది. ఇంగ్లీషులో అక్కడ 'ఎ బుక్' అనో 'ది బుక్' అనో తేల్చి తీరాలి. ప్రతి నామవాచకం దగ్గరా ఆగి రెండు ప్రశ్నలు వేసుకోవడం మే, జూన్ నెలల్లో ఆరు వారాల పాటు నేను చేసిన ఏకైక గ్రామర్ పని. ఏ పుస్తకమో చదివేవారికి తెలుసా? తెలిస్తే 'ది'. తెలియకపోతే, అది లెక్కపెట్టగలిగిన ఒక్క వస్తువేనా? అవునంటే 'ఎ' లేక 'యాన్'. రెండూ కాకపోతే చాలావరకు ఏమీ అక్కర్లేదు. నదుల పేర్ల ముందు 'ది' రావడం, ఊళ్ల పేర్ల ముందు రాకపోవడం లాంటివి ఈ ప్రశ్నలకు లొంగవు, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. 'ఎ'నా 'యాన్'ఆ అనేది అక్షరాన్ని బట్టి ఉండదు, ధ్వనిని బట్టి ఉంటుంది. అందుకే 'యాన్ అవర్', 'ఎ యూనివర్సిటీ'.

లెక్కపెట్టడం దగ్గర ఒక మెలిక ఉంది. మనకు 'సలహాలు' బహువచనం, కాబట్టి చెయ్యి తెలియకుండానే 'అడ్వైసెస్' అని రాసేస్తుంది. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్, హోమ్‌వర్క్ వీటికి చివర ఎస్ రాదు, ముందు 'ఎ', 'యాన్' కూడా రావు. రెండు సలహాలు అనాలంటే 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్'. ఈ ఆరు మాటలూ కాగితం మీద రాసి బల్ల మీద అంటించుకున్నాక ఏకవచన బహువచనాల తప్పులు సగానికి పడిపోయాయి.

ప్రిపోజిషన్లకి సూత్రాలు వెతికి నెల రోజులు పాడుచేసుకున్నాను. మన విభక్తుల్ని వాటికి అతికిస్తే కొన్నిసార్లు కుదురుతుంది. 'మీద ఆధారపడు'కి 'డిపెండ్ ఆన్' చక్కగా సరిపోతుంది. కానీ 'గురించి చర్చించాం' అనే ధోరణిలో 'డిస్కస్డ్ అబౌట్' వచ్చేస్తుంది, అక్కడ 'అబౌట్' ఉండకూడదు. 'ఆమెతో పెళ్లయింది' అనబోయి 'మ్యారీడ్ విత్' అంటాం, ఉండాల్సింది 'మ్యారీడ్ టు'. క్రియనీ ప్రిపోజిషన్‌నీ ఒకే మాటగా, జంటగా నేర్చుకోవడం తప్ప దారి లేదు. ఇందుకు జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో వివరించిన డబ్బాల పద్ధతి పట్టుకున్నాను. కార్డుకి ఒక జంట. తప్పిన కార్డు మొదటి డబ్బాలోకి, రోజూ చూడాలి. సరిగ్గా చెబితే రెండో డబ్బాకి, మూడు రోజులకోసారి. అక్కడా సరిగ్గా వస్తే మూడో డబ్బాకి, వారానికోసారి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి డబ్బాకే. రోజుకు నాలుగు కొత్త కార్డులు మించితే మొదటి డబ్బా ఉబ్బిపోయి, చూడాలంటేనే విసుగొస్తుంది. నేను మొదట పది చొప్పున వేసి ఆ పొరపాటు చేశాను.

ఇక ఎవరూ ముందుగా హెచ్చరించని తప్పు ఒకటి. 'రేపు వస్తానని అన్నాడు' అంటాం మనం. వచ్చేది అతనే అయినా 'వస్తాను' అన్న రూపం మారదు. దాన్ని అలాగే దింపితే 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో' అవుతుంది. ఇంగ్లీషువాడికి అందులో వచ్చేది నేను! 'హి సెడ్ దట్ హి వుడ్ కమ్' అని ఉండాలి. అర్థమే తిరగబడిపోయే తప్పు ఇది, ఉత్తరాల్లో ప్రమాదకరం కూడా. 'లేచి, తలుపు తీసి, బయటికి చూసి, కూర్చున్నాను' అనే మన గొలుసు వాక్యం ఇంకోటి. 'ఆఫ్టర్ గెటింగ్ అప్, ఆఫ్టర్ ఓపెనింగ్' అని పేర్చుకుంటూ పోతే ఊపిరి ఆడదు. ఇంగ్లీషులో నాలుగూ సమాపక క్రియలుగానే పెట్టి చివరి దాని ముందు 'అండ్' పెడితే సరి. 'నాకు తెలుసు', 'నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు' అనేవి 'ఐ యామ్ నోయింగ్', 'ఐ యామ్ హావింగ్' అయిపోతాయి. నో, హావ్, అండర్‌స్టాండ్, బిలాంగ్ లాంటివి స్థితిని చెప్పేటప్పుడు వాటికి 'ఇంగ్' తగిలించకూడదు.

స్పెల్లింగ్ గురించి పెద్దగా చెప్పేది లేదు. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి చెవిని నమ్ముతాం, ఇంగ్లీషులో కంటిని నమ్మాలి. మాట చూడు, మూసెయ్, రాయి, తెరిచి పోల్చు. నెసెసరీలో సీ ఒకటి, ఎస్‌లు రెండు. అకామడేషన్‌లో సీలూ రెండే, ఎమ్‌లూ రెండే. సెపరేట్ నడుమ ఉన్నది ఏ. తప్పేది ఎప్పుడూ ఒకే అక్షరం దగ్గర, ఆ అక్షరం చుట్టూ సున్నా చుడితే చాలు.

మూడోసారి ఆగడానికి కారణం సులువైన దారి. జూన్ 24 నుంచి రాసిందల్లా ఒక తప్పులు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, ఒక్క నొక్కుతో అన్నీ సరిచేయించుకోవడం మొదలెట్టాను. పేజీలు అద్దంలా వచ్చేవి. మూడు వారాల్లో తప్పుల పుస్తకంలో చేరినవి మూడే వరుసలు. జూలై 15న నోట్‌బుక్ ముందు కూర్చుంటే ఏదో పరాయి పని చేస్తున్నట్టుగా అనిపించింది. ఆ శుభ్రమైన వాక్యాల్లో నా చెయ్యి లేదు. పన్నెండు రోజులు ఆగిపోయింది. జూలై 27న పెట్టుకున్న నియమం ఇప్పటికీ నడుస్తోంది: ముందు చేత్తో రాయాలి, ఒకసారి సొంతంగా దిద్దుకోవాలి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌కి చూపాలి. అది గీత గీసిన ప్రతి చోటా కారణం రాయగలిగితేనే మార్పు ఒప్పుకోవాలి. అది పట్టుకోలేనివి కూడా ఉంటాయి. పైన చెప్పిన 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్' వాక్యానికి గీత రాలేదు. వ్యాకరణం ప్రకారం అందులో తప్పు లేదు మరి, నేను చెప్పదలిచింది అది కాదని దానికెలా తెలుస్తుంది?

నాలుగోది అన్నిటికన్నా బాధపెట్టింది. వంద మాటలకి ఎన్ని తప్పులో నెలనెలా లెక్క వేసేవాణ్ణి. జనవరిలో 29, ఏప్రిల్‌లో 19, జూన్‌లో 13. ఆ తర్వాత జూలైలో 14, ఆగస్టులో 13, సెప్టెంబరులోనూ 13. మూడు నెలలు కూర్చుని ఒక్క మెట్టు ఎక్కలేదు. సెప్టెంబర్ 20న నోట్‌బుక్ మూసేశాను. నా శక్తి ఇంతే, ఇక్కడికి చాలు అనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది.

పద్నాలుగు రోజుల తర్వాత రెండు లెక్కలు నన్ను వెనక్కి తెచ్చాయి. ఒకటి గంటల లెక్క. యూరప్ కౌన్సిల్ 2001లో తెచ్చిన భాషా స్థాయిలు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు. మూడో స్థాయి బీ1 చేరడానికి సుమారు 350 నుంచి 400 గంటలు, నాలుగో స్థాయి బీ2కి 500 నుంచి 600 గంటల అధ్యయనం అవసరమని కేంబ్రిడ్జ్ పరీక్షల వారి అంచనా. నడుమ 150 గంటలే అనుకున్నా, రోజుకు అరగంట చొప్పున 300 రోజులు. మూడు నెలల్లో మెట్టు కనిపించలేదని ఏడవడానికి కారణమే లేదు. మెట్టు అంత వెడల్పుగా ఉంది మరి!

రెండోది ఇంకా ముఖ్యం. పాత పేజీల్లో వాక్యాల పొడవు లెక్కపెట్టాను. ఫిబ్రవరిలో వాక్యానికి సగటున ఆరు మాటలు. జూన్‌లో ఎనిమిది. సెప్టెంబరులో పద్నాలుగు. పొడుగు వాక్యాలు, 'ఆల్దో'లు, 'విచ్'లు, షరతు వాక్యాలు అన్నీ ఈ మూడు నెలల్లోనే వచ్చి చేరాయి. కష్టమైన వాక్యాలు రాస్తున్నా తప్పుల లెక్క పెరగలేదంటే అది ఎదుగుదలే. నేను పట్టుకున్న కొలబద్ద దాన్ని చూపించలేకపోయింది. అప్పటినుంచి మూడు కొలతలు వేస్తున్నాను: వందకి తప్పులు, వాక్యం పొడవు, 200 మాటలకి పట్టే నిమిషాలు. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది.

అక్టోబర్ 6న జనవరి 8 నాటి అంశాన్నే, పాత పేజీ చూడకుండా మళ్లీ రాశాను. 35 నిమిషాల్లో 240 మాటలు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు కలిగిన ఆనందం చెప్పలేను. మొదటి రోజు రాసిన పేజీని దయచేసి పారేయకండి, దిద్దకండి కూడా. తప్పులతో సహా దాచి, తేదీ వేసి పెట్టండి.

ఆ అక్టోబరులోనే అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన యవ్వనంలో చేసిన సాధన మొదలుపెట్టాను. ఆయన ఒక పత్రికలోని వ్యాసాలు తీసుకుని, వాక్యం వాక్యానికీ చిన్న సూచన రాసుకుని, కొన్ని రోజులు పక్కన పెట్టి, సూచనలతోనే వ్యాసాన్ని మళ్లీ రాసి, అసలుతో పోల్చుకుని దిద్దుకునేవాడు. చెప్పడానికి తేలిక, చేయడంలో మూడు చోట్ల చెడుతుంది. సూచన పొడవైతే అది నకలు రాయడమే అవుతుంది, వాక్యానికి మూడు నాలుగు మాటలు మించకూడదు. ఒక్క రోజే ఆగితే అసలు వాక్యం ఇంకా జ్ఞాపకంలోనే ఉంటుంది. నాకు మూడు రోజులు సరిగ్గా కుదిరింది. వచనం కఠినంగా ఉంటే పోల్చినప్పుడు నీరసమొస్తుంది, వంద మాటల్లో తెలియనివి రెండు మూడు మించకుండా చూసుకోవాలి. పొడవు 120 నుంచి 150 మాటలు చాలు. పోల్చేటప్పుడు నా వాక్యం వేరుగా ఉన్నంత మాత్రాన తప్పనుకోకూడదని తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఒక్కోసారి నాదే సూటిగా ఉండేది, ఆ రోజంతా హుషారే.

నవంబరులో గడియారం పెట్టుకున్నాను. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాత భాగంలో రెండో ప్రశ్నకి కనీసం 250 మాటలు, సుమారు 40 నిమిషాలు అని ఉంటుంది, అదే కొలత తీసుకున్నాను. ఆ పరీక్షలో మార్కుల తీరు చూస్తే ఊరట కలుగుతుంది. అడిగినదానికి జవాబు, విషయం సాగిన క్రమం, పదసంపద, గ్రామర్ అని నాలుగు పాళ్లు సమానంగా ఉంటాయి. నేను పది నెలలుగా నాలుగో వంతు గురించే తల బద్దలు కొట్టుకుంటున్నానన్నమాట. ఐదు నిమిషాలు ఆలోచనకి, 30 రాయడానికి, ఐదు సరిచూడటానికి. మొదటి వారం సరిచూసే ఐదు నిమిషాలూ మిగలలేదు. రెండో వారం నుంచి 29వ నిమిషంలో కొత్త పేరా మొదలుపెట్టడం మానేస్తే మిగిలాయి. సరిచూడటం కూడా రెండు విడతలుగా చేయాలి: ఒకసారి క్రియలు మాత్రమే, ఇంకోసారి నామవాచకాలూ వాటి ముందున్న ఆర్టికల్సూ మాత్రమే. చివరి వాక్యం నుంచి మొదటి వాక్యం వైపు వెనక్కి చదివితే అర్థంలో కొట్టుకుపోకుండా తప్పులు కనిపిస్తాయి.

సాధన కోసం కాకుండా నిజంగా అవసరమై రాసిన మొదటి ఉత్తరం డిసెంబర్ 12న. ఒక సేవలో జరిగిన పొరపాటు సరిచేయమని, 180 మాటలు. రెండు రోజులు, నాలుగు డ్రాఫ్టులు. పంపాక ఆరు రోజులు గుండె దడదడలాడుతూనే ఉంది. అడిగింది జరుగుతుందా లేదా అని కాదు, రాసింది అర్థమైందా లేదా అని. 18న జవాబొచ్చింది. వాళ్లు నా వాక్యాల్ని తిరిగి ప్రశ్నించకుండా నేరుగా విషయానికి జవాబిచ్చారు. తర్వాత నకలు చూసుకుంటే అందులో నాలుగు తప్పులు ఉన్నాయి. వాటి వల్ల ఏ పనీ ఆగలేదు.

మొత్తం ఖర్చు లెక్కకి వస్తే, 2024 ఫిబ్రవరి 5 నుంచి 2025 మార్చి 9 వరకు 399 రోజుల్లో రాసినవి 342, తప్పినవి 57. ఆ 57లో 36 తర్వాతి మూడుసార్లు ఆగిపోయినప్పటివి. పది నిమిషాలు క్రమంగా పెరగడంతో మొత్తం దాదాపు 150 గంటలు. 200 పేజీల నోట్‌బుక్కులు ఐదు, తప్పుల పుస్తకాలు రెండు, కార్డులు 380. వందకి తప్పులు ఇప్పుడు ఆరు. మార్చి 9 ఉదయం తప్పుల పుస్తకంలో చేరింది 611వ వరుస. మూడో గడిలో కారణం: 'ఏ తలుపో చదివేవారికి తెలుసు, కాబట్టి ది.' డబ్బాలో ఇంకా నాలుగు చీటీలు మిగిలాయి, వచ్చే ఆదివారం కొత్తవి రాయాలి.